ఈ గంట ఎవరిది?
(జీతపు పనితోపాటు ఇంటివద్ద వ్యాపారము పెట్టుకొనువారి కొరకు ఒక పాఠము)

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 18:1–11, నిర్గమకాండము 18:13–27, సామెతలు 31:10–31, లూకా 14:28–30, కీర్తన 127:1, 2.



మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఒక్క సంపాదనతో సంసారము గడచుట కష్టముగానే యున్నది. ఇవి మూడును వెనుక మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలకు ముఖ్య పట్టణములైనవి. జిల్లాల పేర్లు మారినను, పని కొరకు బొంబాయికి, పూనాకు, హైదరాబాదునకు వలసపోయినవారి ఇండ్లు మన పల్లెలలో ఇంకను ఉన్నవి. కావున ఊరు విడువక, చేతనున్న జీతము విడువక, ఇంటివద్దనే మరియొక పని పెట్టుకొందమను ఆశ మంచిదే. ఒకరు కుట్టు మిషను కొందురు. ఒకరు రెండు బర్రెలను కట్టుకొందురు. మరియొకరు సకినాలు, పచ్చళ్లు చేసి అమ్ముదురు.

ఇట్టివారిని ఇరుగుపొరుగువారు మొదట అడుగు ప్రశ్న, పెట్టుబడి ఎక్కడిది అనునదే. గడియలు ఎక్కడివి అని అడుగువారు కొద్దిమంది. డబ్బు బ్యాంకువారు ఇత్తురు, మహిళా సంఘమువారు ఇత్తురు. దినమునకు ఇరువదియైదవ గంటను మాత్రము ఎవరును అప్పు ఇయ్యలేరు. క్రొత్త పనికి మనము వాడు ప్రతి గంటయు ఇదివరకే ఎవరిదో యొకరిదై యున్నది: యజమానునిదో, భార్యదో, బిడ్డదో, మన శరీరమునకు కావలసిన నిద్రదో, దేవునిదో. అడిగి తీసికొనిన గంట దీవెనయగును. అడుగక తీసికొనినది దొంగిలించినదగును. కావున ఈ పాఠమంతటిలో మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ గంట ఎవరిది?

1. పౌలు రెండు పనులు చేసిన విధము

పౌలు కొరింథు పట్టణమునకు వచ్చినప్పుడు అకుల, ప్రిస్కిల్ల అను దంపతుల యింట ఉండెను. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమానుండి పంపివేసినందున వారు ఇటలీ విడిచి వచ్చిరి. వారును మనవారివలె ఊరు విడిచినవారే. వారి వృత్తియు పౌలు వృత్తియు గుడారములు కుట్టుటయే గనుక ముగ్గురును ఒకచోట పని చేసిరి. పౌలు ఆ పట్టణములో ఏడాదిన్నర నిలిచెను.

ఇందులో నాలుగు సంగతులు గమనింపుడి. మొదటిది, అతడు చేత వచ్చిన పనినే చేసెను. క్రొత్త విద్య నేర్చుటకు నెలలు వ్యయపరచలేదు. రెండవది, ఒంటరిగా చేయలేదు. అదే పని యెరిగిన కుటుంబముతో కలిసి చేసెను. మూడవది, ప్రతి విశ్రాంతి దినమున సమాజమందిరములో ఉండెను. ఆ దినమున సూదియు దారమును ప్రక్కన పెట్టబడెను (4వ వచనము). నాలుగవది, సీలయు తిమోతియు మాసిదోనియనుండి వచ్చిన తరువాత వాక్యము చెప్పుటయందే ఎక్కువగా నిమగ్నుడాయెను (5వ వచనము). అనగా అవసరమును బట్టి చేతిపనిని పెంచెను, అవసరము తీరగా తగ్గించెను. గుడారముల పని అతని పిలుపునకు సేవ చేసెనే గాని, పిలుపు గుడారముల పనికి సేవ చేయలేదు.

థెస్సలొనీకవారికి వ్రాయుచు, తాను రాత్రియు పగలును కష్టపడినది ఎవరిమీదను భారము మోపకుండుటకే అని చెప్పెను (1 థెస్స. 2:9). ఈ మాట మనకు కొలబద్ద. మన రెండవ పని ఇతరుల భారమును తగ్గించుచున్నదా? లేక మనకు పేరు తెచ్చి, భారమును మరియొకరి వీపునకు ఎక్కించుచున్నదా?

2. వారమును లెక్కించుము

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని మన ప్రభువు చెప్పెను. ఖర్చు అనగా రూపాయలు మాత్రమే కాదు. వారమునకు 168 గంటలు. రాజునకైనను కూలివానికైనను అంతే.

వనపర్తిలో ఒక దుకాణమున పని చేయు సహోదరిని తలంచుకొందము. ఆమె ప్రక్క పల్లెనుండి బస్సులో వచ్చి పోవును. ఇంటివద్ద జాకెట్లు కుట్టవలెనని కోరుచున్నది. ఆమె వారము ఇట్లున్నదనుకొనుడి:

దుకాణములో, ఆరు దినములు — 48 గంటలు
రాకపోకలు — 9 గంటలు
నిద్ర, దినమునకు ఏడు చొప్పున — 49 గంటలు
వంట, నీళ్లు, బట్టలు, పిల్లలు — 28 గంటలు
స్నానము, భోజనము, ఊపిరి పీల్చుకొనుట — 14 గంటలు
ఆరాధన, ప్రార్థన కూటము, బంధుమిత్రుల దర్శనము — 8 గంటలు

మొత్తము 156. మిగిలినవి పండ్రెండు గంటలే. పండ్రెండింటిలో రెండు గంటలను జ్వరమునకు, చుట్టాల రాకకు, కరెంటు పోవుటకు విడువవలెను. కావున చేతికి వచ్చునవి పది. ఒక జాకెట్టునకు రెండు గంటలు పట్టినయెడల వారమునకు అయిదు జాకెట్లు. ఆమె పదింటికి మాట యిచ్చెనా, మిగిలిన అయిదును ఆమె నిద్రలోనుండియో అబద్ధములోనుండియో రావలెను. రేపు రమ్మని, మరల రేపు రమ్మని చెప్పు దర్జీ అందరును చెడ్డవారు కారు. అనేకులు లెక్క చూచుకొననివారు.

మరియొక సంగతి. కుట్టు గంటలను లెక్కించువారు కూడ దారము, బటన్లు తెచ్చుటకు పోయిన గంటను, బాకీ వసూలుకు తిరిగిన సాయంకాలమును, కాగితముల కొరకు ఆఫీసులో నిలిచిన దినమును మరతురు. తినుబండారములు చేసి అమ్మువారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేసికొనవలెను. చిన్న పరిశ్రమలకు 2020 జూలై నుండి ఉన్న ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. మధ్యవర్తికి డబ్బు ఇయ్యనక్కర లేదు.  ఒక సెలవు దినమును వీటికని ముందే పెట్టుకొనుడి.

3. యజమానుని గంట

జీతము పుచ్చుకొను గంటలు యజమానునివి. దుకాణపు బల్లవెనుక నిలిచి మన పచ్చళ్లకు ఫోనులో బేరమాడుట, బడిలో పిల్లలకు వ్రాత పని యిచ్చి మన బాకీల చిట్టా చూచుట, రాత్రి మేల్కొని పని చేసి పగలు ఆఫీసులో కునుకుట, ఇవన్నియు చిన్న సంగతులుగా తోచును. కాని ఒకరు రూకలిచ్చి కొనిన సమయమును మనము రెండవసారి అమ్ముచున్నాము. దాసులు యజమానుని సొత్తును అపహరింపకూడదని తీతుకు వ్రాయబడినది (తీతు 2:10). ఆ కాలమున సొత్తు అనగా ధాన్యము, వెండి. మన కాలమున గంట కూడ సొత్తే.

ప్రభుత్వోద్యోగులు మరింత జాగ్రత్తగా నుండవలెను. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమముల ప్రకారము ముందుగా అనుమతి లేక ఉద్యోగి వ్యాపారము చేయరాదు. దుకాణము భార్య పేరున ఉంచి తానే నడుపుట ఈ నియమమునకు జవాబు కాదు. పరోక్షముగా చేయుట కూడ చేయుటయే. ముందు పై అధికారిని వ్రాతమూలముగా అడుగుడి. ప్రైవేటు ఉద్యోగులు సైతము యజమానునికి చెప్పి చేయుట మేలు. దాచవలసి వచ్చిన వ్యాపారము మనిషిని సగము ప్రాణముతో పని చేయించును.

4. ఇంటివారి గంట

ఇంటి వ్యాపారములో అన్నిటికంటె ఎక్కువగా లెక్కకు రానివి ఇంటివారి గంటలే. గద్వాల చీరను చూడుడి. దాని ఒడలు నూలు. అంచును కొంగును పట్టు. నేయునప్పుడు నూలు పేకయు పట్టు పేకయు అంచువద్ద ఒకదానినొకటి పట్టుకొనునట్లు వేర్వేరు నాడెలతో నేయుదురు. దీనిని కుప్పడము అందురు. ఈ చీరకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. పెండ్లిలో ఆ చీరను చూచినవారు నేసినవాని నేర్పును మెచ్చుకొందురు. అయితే కండెలు చుట్టినది ఎవరు? పడుగు సరిచేయుటకు నిలిచినది ఎవరు? మగ్గము ఇంటిలోనిది గనుక ఆడవారి గంటలు ఇంటిపనిలో కలిసిపోవును. కూలి లెక్కలో వాటికి వేరు గడి ఉండదు.

మన ఇండ్లలోను అంతే. భర్త బర్రెలు కొనును. పేడ తీయుట, గడ్డి కోయుట, పాలు పోసి వచ్చుట భార్య పాలగును. అప్పుడు కొందరు సామెతలు 31వ అధ్యాయమును చూపించి, గుణవతియైన స్త్రీ తెల్లవారకముందే లేచును, రాత్రి ఆమె దీపము ఆరదు అందురు. నిజమే, ఆమె వస్త్రములు చేసి అమ్మును. ఆమె వ్యాపారము దేవునికి ఇష్టమైనదే. కాని అదే 15వ వచనమును పూర్తిగా చదువుడి. ఆమెకు పనికత్తెలున్నారు, వారికి పని పంచి యిచ్చుచున్నది. 28వ వచనమున భర్తయు పిల్లలును లేచి ఆమెను పొగడుచున్నారు. పనికత్తెలు లేని యింట, పొగడ్త లేని యింట, ఆరని దీపమును మాత్రము అడుగుట వాక్యమును సగము చదువుటయే.

పైన చెప్పిన సహోదరి భర్త దినమునకు ఒక గంట నీళ్లు తెచ్చి, గిన్నెలు తోమి, పిల్లలను పండుకొనబెట్టినయెడల ఆమెకు వారమునకు ఏడు గంటలు చేరును. పది పదిహేడగును. అయిదు జాకెట్లు ఎనిమిదగును. ఏ బ్యాంకు రుణమును ఇంత త్వరగా చేతికి రాదు. దీనికి వడ్డీయు లేదు.

బిడ్డల గంటను గూర్చి భయముతో మాటలాడవలెను. గద్వాల చుట్టుపట్ల ప్రత్తి విత్తనపు పంట వేయువారు ఎరుగుదురు: సాయంకాలమున మొగ్గలోని పుంకేసరములు తీయవలెను, మరునాటి ఉదయము పుప్పొడి అంటించవలెను. ఆ పని ఒక పూట ఆగదు. మొగ్గ ఆగదు గనుక బడి ఆగును. చిన్న చేతులు త్వరగా ఆడునని పిల్లలను చేనికి తీసికొనిపోవుదురు. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుటను నిషేధించెను. స్వంత కుటుంబమునకు సహాయము చేయవచ్చును గాని, అది ప్రమాదము లేని పనియై యుండవలెను; బడి విడిచిన తరువాతనో, సెలవులలోనో మాత్రమే. పురుగుమందు కొట్టిన చేను ప్రమాదము లేని చోటని ఏ తండ్రి చెప్పగలడు? పంట మరియొక ఏడు వచ్చును. అయిదవ తరగతి ఏడు మరల రాదు.

5. గంటను పొడిగింపక పనిని తేలికచేయుట

మోషే ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్కడే తీర్పు తీర్చుచుండగా అతని మామయైన యిత్రో చూచి, ఈ రీతి పని నిన్నును జనులను కూడ నలుగగొట్టునని చెప్పెను. మోషే ఇంకను వేకువనే లేవవలెనని యిత్రో చెప్పలేదు. పనిని పంచమనెను; చిన్న సంగతులు చిన్న అధికారులకు, కఠినమైనవి మాత్రము అతనికి.

మగ్గము మాట వచ్చినది గనుక మన రాష్ట్రములోనే, ఆలేరు దగ్గర శారాజీపేటలో జరిగిన సంగతిని చెప్పుకొందము. పోచంపల్లి రీతి చీరలకు రంగులద్దుటకు ముందు నూలును వరుస మేకుల చుట్టు చేతితో త్రిప్పుచు ఆసు పోయవలెను. ఒక చీరకు చేయి దాదాపు 9,000 మారులు ఇటునటు ఆడవలెను. నాలుగైదు గంటలు పట్టును. చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి ఈ పనిచేత భుజము నొప్పితో బాధపడుటను చూచెను. ఆ పనికి ఒక యంత్రము చేయవలెనని 1992లో ప్రారంభించెను. డబ్బు చాలలేదు, ఊరివారు నవ్విరి. హైదరాబాదునకు పోయి కూలికి పని చేసికొనుచునే మిగిలిన సమయమును, మిగిలిన రూపాయలను యంత్రమునకు పెట్టెను. 1999లో అది పూర్తియాయెను. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మి ఆసు యంత్రమనెను. చీరకు గంటన్నరలో ఆసు తీరెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చెను.

బిరుదునకంటె ఆయన అడిగిన ప్రశ్న మనకు ముఖ్యము. అమ్మ ఇంకొక గంట ఎట్లు కూర్చుండగలదు అని ఆయన అడుగలేదు. అమ్మ గంటలు ఎట్లు తగ్గును అని అడిగెను. జీతపు పని చేసికొనుచు ఏడేండ్లు ఓపిక పట్టెను.

మనమందరము యంత్రములు చేయలేము. అయినను చేయగలిగినవి కలవు. కొలతలు తీసికొనుటకు వారమునకు ఒక్క సాయంకాలము ఏర్పరచుడి. ఎవరు పిలిచినను లేవకుడి. ఒకేసారి పదిహేను దినములకు దారము కొనుడి. బట్టలన్నియు ఒకనాడు కత్తిరించి, మరునాడు కుట్టుడి. హుక్కులు, కాజాలు ప్రక్కింటి సహోదరికిచ్చి ఆమె కూలి ఆమెకు ఇయ్యుడి. పల్లీలు వలిచి అమ్మువారు ఇద్దరు ముగ్గురు కలిసి వలుచు యంత్రమును అద్దెకు తెచ్చుకొనవచ్చును. గంట మిగిలిన చోట మొదటనే క్రొత్త ఆర్డరు పెట్టకుడి. మొదట ఎవరి గంట తీసికొంటిమో వారికి తిరిగి ఇయ్యుడి.

6. నిద్రయు విశ్రాంతి దినమును

వేకువనే లేచి, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు కూర్చుండి, కష్టార్జితమైన ఆహారము తినుట వ్యర్థమని 127వ కీర్తన చెప్పుచున్నది. దేవుడు తన ప్రియులకు నిద్రను ఇచ్చునని కూడ చెప్పుచున్నది. నిద్ర సోమరితనము కాదు, దేవుని ఈవి. నాలుగు గంటలు పండుకొని మిషను త్రొక్కు చేయి అంచు వంకర కుట్టును. దానిని విప్పి మరల కుట్టుటకు మరియొక గంట కావలెను.

ఆదివారమును గూర్చి కొందరు అడుగుదురు: బర్రెను పితుకకుండ ఎట్లుందుము? ఉండనక్కర లేదు. విశ్రాంతి దినమున ఎద్దును గాడిదను విప్పి నీళ్లకు తోలుకొనిపోవుట అందరు చేయునదేయని ప్రభువే చెప్పెను (లూకా 13:15). అయితే బర్రెను కొనకముందే తెలిసికొనుడి: అది ఏడు దినములు, రెండు పూటలు మిమ్మును అడుగును. పెండ్లియైనను చావైనను అడుగును. ఆరాధనకు ఇద్దరును పోవునట్లు ఉదయపు పని ఎవరెవరు చేయుదురో ముందే ఒప్పుకొనుడి.

దర్జీ పనివారికి వేరు శోధన గలదు. బతుకమ్మ, దసరాలకు, మరల క్రిస్మసునకు, సంక్రాంతికి బట్టలు కుప్పలుగా వచ్చును. సంఘమంతటికి క్రిస్మసు బట్టలు కుట్టి, ఆ సహోదరి మాత్రము క్రిస్మసు ఆరాధనలో లేకపోయినయెడల ఎవరికి లాభము? డిసెంబరు 15వ తేదీ తరువాత బట్టలు తీసికొననని నవంబరులోనే చెప్పుడి. సంఘస్థులారా, మీరును 23వ తేదీ రాత్రి గుడ్డ తీసికొనిపోయి ఆమె తలుపు తట్టకుడి. ఆ గంట ఎవరిదో మీరు కూడ అడుగుకొనుడి.

7. పెంచుట, తగ్గించుట, మానుట

ఒక నోటుపుస్తకము పెట్టుడి. మూడు నెలలు రెండు వరుసలు వ్రాయుడి: ఎన్ని రూపాయలు మిగిలెను, ఎన్ని గంటలు పట్టెను. ఇంటివారందరి గంటలును వ్రాయవలెను. నెలకు 3,000 రూపాయలు మిగిలి, అందరి గంటలును కలిపి 100 అయినయెడల గంటకు 30 రూపాయలు. దానిని మీ ఊరి కూలితో పోల్చి చూడుడి. కూలికంటె చాల తక్కువయైన పక్షమున, పనిని మార్చవలెను, లేదా ధర మార్చవలెను, లేదా మానవలెను. మానుట సిగ్గు కాదు. పునాది వేసి కట్టలేనివానిని చూచి జనులు నవ్వుదురని ప్రభువు చెప్పినది లెక్క చూడనివానిని గూర్చియే గాని, లెక్క చూచి ఆగినవానిని గూర్చి కాదు.

లాభము నిలకడగా వచ్చినను జీతపు పనిని తొందరపడి విడువకుడి. ఒక ఏడాది అన్ని కాలములును గడవనియ్యుడి: వేసవి నీటి కరవు, వర్షాకాలపు వ్యవసాయపు తొందర, యాసంగి పల్లీ కోత, పండుగలు, పండుగలు లేని ఖాళీ నెలలు. అన్ని కాలములలోను నిలిచిన పనినే నమ్ముడి.

కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మీ వారములోని 168 గంటలను వ్రాయుడి. నిజముగా మిగిలినవి ఎన్ని?
2. మీ ఇంటి వ్యాపారములో ఎవరి గంటలు ఇంతవరకు లెక్కకు రాలేదు? వారిని అడిగితిరా?
3. పౌలు విశ్రాంతి దినమున పని ఆపెను. సహాయకులు వచ్చినప్పుడు పని తగ్గించెను. వీటిలో మనకు ఏది కష్టము? ఎందుకు?
4. మన సంఘములో ఒకే పని చేయు ఇద్దరు ముగ్గురు కలిసి ఏ యే పనులను పంచుకొనవచ్చును?
5. ఈ నెలలో మీరు ఎవరికి ఏ గంటను తిరిగి ఇయ్యగలరు?

ప్రియులారా, రెండవ పని చేయుట అత్యాశ కాదు. బిడ్డ బడి రుసుమునకు, తల్లి మందులకు, అప్పు తీరుటకు కష్టపడువానిని దేవుడు చూచుచున్నాడు. అయితే బిడ్డ కొరకు సంపాదించుచు బిడ్డ ముఖమును చూడక, భార్య సుఖము కొరకు సంపాదించుచు ఆమె నిద్రను తీసికొనకుండ జాగ్రత్తపడుదము. ఈ రాత్రి దీపము ఆర్పకముందు భార్యాభర్తలు కలిసి కూర్చుండి ఒక కాగితముమీద వారమును వ్రాసికొనుడి. ప్రతి గడియ ప్రక్కన అది ఎవరిదో పేరు వ్రాయుడి. తరువాత ఆ కాగితమును ప్రభువు ఎదుట ఉంచి ప్రార్థించుడి.

ఆయన మీ గృహములను, మీ గడియలను కాపాడును గాక. ఆమేన్.